నా జెల్ నేనే వాడుకుంటే తప్పేంటి?

ఫార్మసీలో పరిశోధన చేస్తున్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. సారాంశం ఇదీ.

యోనిలో వాడే ఫంగస్ మందు జెల్, అందులోనే మేలుచేసే లాక్టోబాసిల్లస్ బాక్టీరియా: ఇది ఆమె పీహెచ్‌డీ అంశం. మందు క్లోట్రిమజోల్, జెల్‌కి ఆధారం కార్బొపాల్. మందు ఫంగస్‌ని చంపుతుంది, బాక్టీరియా అది మళ్లీ రాకుండా చూస్తుంది అన్నది ఆలోచన. ఆ అంశం ఎంచుకోవడానికి సొంత కారణం కూడా ఉంది. రెండేళ్లుగా ఆమెకే దురద, మంట, ముద్దముద్దగా తెల్లబట్ట. మొదటిసారి డాక్టరు చూసి క్రీము రాశారు. ఆ తర్వాత ప్రతిసారీ అదే క్రీము తనే కొనుక్కుని వాడుతున్నారు. తగ్గుతుంది, నెలా రెండు నెలల్లో మళ్లీ మొదలు. భర్తతో చెబితే ఒకసారి ఆయన "నాకేం లేదుగా, మరి నీకెక్కణ్నుంచి వచ్చింది?" అన్నారట. ఆ మాటతో ఇక చెప్పడం మానేశారు.

ల్యాబ్‌లో సంగతి వేరు. ఫంగస్ పెంచిన ప్లేట్ల మీద జెల్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. నిల్వ పెడితే మాత్రం బాక్టీరియా చచ్చిపోతోంది. గ్రాముకి పది కోట్లతో మొదలైన లెక్క నెల దాటేసరికి బాగా పడిపోయి, రెండు నెలలకి వేలల్లోకి దిగింది. "మొదటి మూడు వారాల లెక్కలు పెట్టి పేపర్ పంపేద్దాం, మిగతాది తర్వాత చూద్దాం" అంటున్నారు గైడ్. ఈ గొడవలో ఆమె ఒక ట్యూబు ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకున్నారు. ఇంకా వాడలేదు. విషయం తెలిసిన జూనియర్ ఒకమ్మాయి "అక్కా, నాకూ కొంచెం ఇవ్వవా" అని అడిగింది కూడా. "అందులో ఉన్నవన్నీ విడివిడిగా మందుల షాపుల్లో అమ్మేవే. ఏముందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? నా ఒంటి మీద నేను వాడుకుంటే తప్పేంటి? పనిచేస్తే కనీసం థీసిస్ మీద నమ్మకమైనా కలుగుతుంది" అని అడుగుతున్నారు.

అమ్మా, మీ ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. బాక్టీరియా చచ్చిపోతోందని మొహమాటపడుతూ రెండు ముక్కల్లో తేల్చేశారే, అక్కడ. ఫ్రిజ్‌లో ఉన్నది ఏ బ్యాచ్‌దో మీరు రాయలేదు. నెల దాటి ఉంటే మీ లెక్కల ప్రకారమే అందులో బతికున్న లాక్టోబాసిల్లస్ అంతంతమాత్రం. మిగిలింది క్లోట్రిమజోల్ జెల్, అంటే రెండేళ్లుగా మీరు వాడుతున్న మందే. రాసుకుంటే బహుశా దురద తగ్గుతుంది. ఆ క్రీము రాసుకున్నా తగ్గేది. నెల తర్వాత తిరగబెడితే ఎప్పటిలా తిరగబెట్టినట్టే. తిరగబెట్టలేదనుకోండి, ఈ జబ్బు కొన్నాళ్లు దానంతటదే ఊరుకోవడమూ ఉంది, కాబట్టి ఆ ఘనత దేనిదో చెప్పలేరు. మంట పుడితే అది మందు వల్లో, మందుని కరిగించిన ద్రావకం వల్లో, అసలు మీకున్నది ఫంగస్సే కాదో తేలదు. ఏం జరిగినా మీకు కొత్తగా తెలిసేది ఏమీ లేదు. తప్పా ఒప్పా అన్నది తర్వాతి మాట.

ఇలా అంటే ల్యాబుల్లో పిల్లలు వెంటనే తన మీదే ప్రయోగం చేసుకున్న డాక్టరు బారీ మార్షల్ పేరు ఎత్తుతారు. 1984లో ఆయన హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా కలిపిన ద్రవం తాగేశారు, 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు, నిజమే. కానీ తాగేముందు ఎండోస్కోపీ చేయించుకుని తన కడుపు బాగానే ఉందని చూసుకున్నారు. తాగాక మళ్లీ చేయించుకుని వాపుని చూపించారు. ఆరోగ్యంగా ఉన్న కడుపులో ఈ బాక్టీరియా వాపు తెస్తుందా అన్న ఒకే ఒక్క ప్రశ్న ఆయనది. మీ దగ్గర "ముందు" అన్నదే లేదు. ఈ రెండేళ్లలో స్వాబ్ తీసి కల్చర్, అంటే నమూనాలో ఉన్నదాన్ని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష, చేయించుకున్నట్టు మీరు ఎక్కడా రాయలేదు.

"విడివిడిగా అమ్మేవే కదా" అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. యోనిలో వాడే జెల్‌ల చరిత్రలో ఈ మాట ఒకసారి చాలా ఖరీదైన పాఠం నేర్పింది. నొనాక్సినాల్-9 వీర్యకణాలని చంపే మందుగా దశాబ్దాల పాటు షాపుల్లో అమ్ముడైంది. గాజు పాత్రలో హెచ్‌ఐవీని కూడా చంపేది. ఇంకేం, జెల్‌గా వాడితే ఆడవాళ్లకి రక్షణ అనుకున్నారు. 2002లో వెలువడిన పెద్ద ట్రయల్ ఫలితాల్లో తేలింది వేరు: దాన్ని తరచుగా వాడిన వాళ్లలో హెచ్‌ఐవీ సోకడం తగ్గకపోగా పెరిగింది. అది లోపలి పొరని దెబ్బతీసి వైరస్‌కి దారి తెరిచింది. సెల్యులోజ్ సల్ఫేట్ అనే ఇంకో జెల్ ట్రయల్‌ని కూడా 2007లో మధ్యలో ఆపేశారు. ఈ దెబ్బల తర్వాతే యోని జెల్ అనగానే పొరకి ఏమవుతుందన్నది మొదటి ప్రశ్న అయింది.

మీ జెల్‌కి పీహెచ్, చిక్కదనం, మందు విడుదల చూశానని రాశారు. ఆస్మొలాలిటీ, అంటే అందులో కరిగి ఉన్నవాటి గాఢత, చూశారా? క్లోట్రిమజోల్ నీళ్లలో కరగదు కాబట్టి ప్రొపిలీన్ గ్లైకాల్ లాంటిదేదో వేసే ఉంటారు. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ పెరిగేకొద్దీ జెల్ కణాల్లోంచి నీటిని లాగేస్తుంది. లూబ్రికెంట్ల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో ఇచ్చిన సూచన ప్రకారం కిలోకి 380 మిల్లీఆస్మోల్ దాటకపోతే మేలు, ఎట్టి పరిస్థితుల్లో 1200 దాటకూడదు. ఇప్పటికే మంటతో ఉన్న పొర మీద ఆ కొలత తీయని జెల్ పెట్టుకుంటారా? ఇంకొకటి. లాక్టోబాసిల్లస్‌ని పెంచే ఎంఆర్‌ఎస్ ప్లేటు మీద తెల్లగా మొలిచిన ప్రతిదీ మీ లాక్టోబాసిల్లస్ కాదు. ట్యూబులో ఉన్నది మీరు వేసిన రకమే (స్ట్రెయినే) అని ఈ మధ్య డీఎన్ఏ సీక్వెన్సింగ్‌తో సరిచూశారా? "ఏముందో నాకు తెలుసు" అనడానికి ఇవన్నీ కావాలి.

ఇప్పుడు మీ ఒంటి సంగతి. నన్నడిగితే ఇదే ముందు, థీసిస్ తర్వాత.

దురద, తెల్లబట్ట కనిపిస్తే ఫంగస్సే అనుకోవడం అందరూ చేసేదే. 2002లో అచ్చయిన ఒక అధ్యయనంలో, తమకు ఫంగల్ ఇన్ఫెక్షనే అని తేల్చుకుని మందు కొనుక్కోవడానికి సిద్ధపడిన ఆడవాళ్లని పరీక్షించి చూశారు. దాదాపు మూడో వంతు మందికే ఒట్టి ఫంగస్ ఉంది. మిగతావాళ్లలో బాక్టీరియల్ వజైనోసిస్ (యోనిలో మేలుచేసే బాక్టీరియా తగ్గి వేరేవి పెరగడం), ఇతర ఇన్ఫెక్షన్లు, కొందరిలో అసలు ఇన్ఫెక్షనే లేదు. మీరు ఫార్మసీ చదివారు గనక మీ అంచనా మెరుగ్గా ఉండొచ్చు, కానీ మైక్రోస్కోపు చేసే పని చదువు చేయదు.

పరీక్షలో ఏం తేలుతుందన్న దాన్ని బట్టి దారులు మారతాయి. ఈ జబ్బు ఎక్కువగా తెచ్చే ఫంగస్ కాండిడా ఆల్బికాన్స్ అని వచ్చి, ఏడాదిలోపు మూడు సార్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చి ఉంటే దాన్ని మళ్లీ మళ్లీ వచ్చే రకంగా లెక్కేస్తారు. అప్పుడు వచ్చినప్పుడల్లా క్రీము రాయడం కాదు, ముందు పూర్తిగా అణిచి, ఆపైన ఆరు నెలలు వారానికొక ఫ్లూకొనజోల్ ఇచ్చే పద్ధతి ఉంది. 2004లో వచ్చిన ట్రయల్‌లో ఆరు నెలలు ఇలా వాడిన వాళ్లలో తొంభై శాతం మందికి జబ్బు తిరగబెట్టలేదు, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న వాళ్లలో 36 శాతం మందికే ఆ అదృష్టం. అయితే మందు ఆపిన ఆరు నెలలకి చూస్తే మందు వాడిన వాళ్లలో కూడా 43 శాతమే ఇంకా బాగున్నారు. అంటే ఊరట పెద్దదే, శాశ్వతం అని మాత్రం అనుకోకండి. గర్భం కోసం చూస్తుంటే ఈ మాత్ర డాక్టరుతో మాట్లాడకుండా మొదలుపెట్టొద్దు. వేరే మందులు వాడుతుంటే అదీ చెప్పాలి, కొన్నిటితో దీనికి పడదు.

కల్చర్‌లో గ్లాబ్రాటా లాంటి వేరే జాతి వస్తే కథ మారుతుంది. వాటి మీద క్లోట్రిమజోల్, ఫ్లూకొనజోల్ లాంటి ఈ అజోల్ మందులు చాలాసార్లు సరిగా పనిచేయవు, రెండేళ్ల మీ అనుభవానికి అదే కారణం కావచ్చు. దానికి వేరే చికిత్సలున్నాయి, డాక్టరు పర్యవేక్షణలో. ఏ ఫంగస్సూ రాకపోతే ఇతర ఇన్ఫెక్షన్లు, చర్మ వ్యాధుల వైపు చూడాలి. ఏళ్ల తరబడి రాసుకున్న క్రీములోని ఏదో ఒక పదార్థమే మంటకి కారణమైన వాళ్లూ ఉంటారు. అలాంటివాళ్లకి ఇంకో క్లోట్రిమజోల్ జెల్ అంటే మంట మీద మంటే. రక్తంలో చక్కెర కూడా ఒకసారి చూపించుకోండి. సువాసనల వాష్‌లు, లోపల కడుక్కోవడాలు ఉంటే ఈ రోజే ఆపేయండి.

ఇక మీ వారి మాట. కాండిడా చాలామంది ఆరోగ్యవంతులైన ఆడవాళ్ల ఒంట్లో ఏ బాధా పెట్టకుండా ఉండేదే. సందు దొరికినప్పుడు ముదురుతుంది. యాంటీబయాటిక్ కోర్సు తర్వాత రావడం అందుకే. దీన్ని సుఖవ్యాధుల్లో లెక్కకట్టరు, భర్తకి లక్షణాలు లేకపోతే ఆయనకి మందు ఇవ్వాల్సిన పని కూడా సాధారణంగా ఉండదు. "నీకెక్కణ్నుంచి వచ్చింది" అన్నది అనుమానంతోనా తెలియకనా అన్నది మీకే తెలియాలి. తెలియక అయితే డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్తే మీరు వాదించాల్సిన అవసరం లేకుండా ఆ మాట డాక్టరే చెప్తారు. అనుమానమే అయితే మైక్రోస్కోపు రిపోర్టు దాన్ని తీర్చదు. అది వేరే సంభాషణ, దాన్ని ఈ జబ్బుతో కలపకండి. కండోమ్ వాడుతుంటే గమనించండి, నూనె ఆధారంగా చేసిన క్రీములు, ఓవ్యూల్స్ (యోనిలో పెట్టుకునే మందు బిళ్లలు) కండోమ్ లేటెక్స్‌ని బలహీనపరుస్తాయి.

థీసిస్ దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం కటువుగా మాట్లాడతాను.

మీ ఆలోచన పనికిరానిది కాదు, కానీ మీరు రాసినంత పెద్ద వాగ్దానం దానికి లేదు. లాక్టోబాసిల్లస్ ఆమ్లం చేస్తుంది, ఆమ్లంలో చెడ్డ సూక్ష్మజీవులు బతకవు అన్న తర్కం బాక్టీరియల్ వజైనోసిస్‌కి చక్కగా సరిపోతుంది. కాండిడాకి అంతగా సరిపోదు. అది 4 నుంచి 4.5 పీహెచ్‌లో హాయిగా ఉంటుంది, అందుకే ఫంగల్ ఇన్ఫెక్షన్‌లో పీహెచ్ మామూలుగానే కనిపిస్తుంది. 2020లో లాక్టోబాసిల్లస్ క్రిస్పాటస్ మీద వచ్చిన మంచి ట్రయల్ కూడా వజైనోసిస్ మీదే: మెట్రొనిడజోల్ జెల్ పూర్తయ్యాక ఆ బాక్టీరియా ఇస్తే 12 వారాల్లో తిరగబెట్టడం 45 శాతం నుంచి 30 శాతానికి తగ్గింది. కాండిడా విషయానికొస్తే 2004లో వచ్చిన ట్రయల్‌లో యాంటీబయాటిక్ తర్వాత వచ్చే ఫంగస్‌ని లాక్టోబాసిల్లస్ ఆపలేకపోయింది. ఫంగస్ మందుకి తోడుగా ప్రొబయాటిక్ ఇవ్వడం మీద 2017లో వచ్చిన, అప్పటిదాకా జరిగిన ట్రయల్స్ అన్నిటినీ కలిపి తూచే కాక్రేన్ సమీక్ష కొద్దికాలపు మేలు ఉండొచ్చంది, కానీ ఆధారాలు బలహీనం, దీర్ఘకాలపు లాభం కనిపించలేదు అంది. మీ పరిచయ అధ్యాయంలో ఇవి ఉన్నాయా? లేకపోతే పరీక్షకులు అడగకముందే మీరే పెట్టండి.

ప్లేట్ల మీద ఫలితం కూడా మళ్లీ చూడండి. కాండిడా పెంచిన ప్లేటు మీద క్లోట్రిమజోల్ ఒక్కటే పెట్టినా దాని చుట్టూ ఫంగస్ మొలవని పెద్ద వలయం వస్తుంది. బాక్టీరియా కలిపినందుకు వలయం ఎన్ని మిల్లీమీటర్లు పెరిగింది, ఆమ్లాన్ని తటస్థం చేశాక ఆ తేడా మిగిలిందా అన్నదే ప్రశ్న.

నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించింది మాత్రం మీరు దాచిపెడుతున్న గ్రాఫే. బాక్టీరియాని చంపుతున్నది ఎవరు? అనుమానితులు నలుగురు. ఒకటి నీళ్లు. తడిలో ఉన్న కణం నిద్రపోదు, ఆకలికి చస్తుంది. రెండు ప్రిజర్వేటివ్, అంటే జెల్ పాడవకుండా వేసేది. పారాబెన్లు వేసి అందులోనే బతికిన బాక్టీరియా ఉండాలనుకోవడం, కాపలాకి నక్కని పెట్టి కోళ్లని లెక్కపెట్టుకోవడమే. అలాగని ప్రిజర్వేటివ్ తీసేస్తే నీళ్ల జెల్‌లో మనం పిలవనివి వచ్చి చేరతాయి. మూడు ఆమ్లం, మీ బాక్టీరియా తనే చేసుకున్నది కూడా కలుపుకుని. నాలుగోవాడిని చాలామంది మరిచిపోతారు: మందు. క్లోట్రిమజోల్, మైకొనజోల్ లాంటి ఇమిడజోల్‌లు ఫంగస్‌ని కొట్టేది దాని కణం పొరలో ఉండే ఎర్గోస్టెరాల్ తయారయ్యే దారిలో, బాక్టీరియాకి అది లేదు, కనుక హాని లేదు అని పుస్తకం చదివి అనుకుంటాం. కానీ గ్రామ్ పాజిటివ్ అనే తరగతి బాక్టీరియాకి వీటి దెబ్బ కొంత తగులుతుంది, లాక్టోబాసిల్లస్ గ్రామ్ పాజిటివే. ఒక్కోదాన్ని తీసేసి విడివిడిగా జెల్‌లు చేసి, అదే ఉష్ణోగ్రతలో పెట్టి, అదే రోజుల్లో ప్లేటింగ్ చేయండి. ఎవరు ఎంత చంపారో తేలుతుంది. అది ఒక అధ్యాయం. ఇదే దారిలో నడిచే తర్వాతివాళ్లకి, పనిచేసిందని చెప్పే ఇంకో పేపరు కన్నా అది ఎక్కువ అక్కరకొస్తుంది.

ఆ పైన మీ ముందు దారులున్నాయి. బాక్టీరియాని ట్రెహలోజ్ లాంటి రక్షకంతో ఫ్రీజ్ డ్రై చేసి పొడిగా ఉంచి, వాడే ముందు జెల్‌లో కలిపేలా రెండు గదుల ప్యాక్ చేయొచ్చు. శీర్షిక మారదు, కానీ కలిపాక ప్రతి మోతాదులో ఒకే లెక్క ఉందని చూపించాలి, మందు దెబ్బ ఆ కాసేపు కూడా తగలదని చూపించాలి. లేదా రెండిటినీ విడదీసి, ముందు మందు, కోర్సు అయ్యాక పొడి బాక్టీరియా. 2020 ట్రయల్ నడిచింది ఇలాగే, ఆ బాక్టీరియా జెల్ కాదు, అప్లికేటర్‌లో పొడి. శాస్త్రపరంగా నాకు ఇది నచ్చుతుంది, కాకపోతే సినాప్సిస్ (ముందుగా ఇచ్చిన పరిశోధన ప్రణాళిక) మార్చాలి, కమిటీ ముందు మళ్లీ నిలబడాలి, ఒక ఆరు నెలలైనా పోతాయి. బతికిన బాక్టీరియా వద్దనుకుని అది తయారుచేసే పదార్థాలనే జెల్‌లో పెట్టడం ఇంకో దారి. నిల్వ సమస్య చాలావరకు తీరుతుంది, కానీ అప్పుడు దాన్ని ప్రొబయాటిక్ అనలేరు.

మీ గైడ్ చెడ్డవారని నాకనిపించలేదు. గడువులు ఆయనకీ ఉంటాయి. కానీ రెండు నెలల లెక్కలు చేతిలో ఉంచుకుని మూడు వారాలవే పెట్టి "స్థిరంగా ఉంది" అని రాయడం ఒక రకం, "మూడు వారాల్లోపు వాడాల్సినది" అని చెప్పి మొత్తం గ్రాఫ్ పెట్టడం ఇంకో రకం. రెండోదానికి ఆయన ఒప్పుకునే అవకాశం మీరనుకున్న దానికన్నా ఎక్కువ. ఎదురుగా వాదించేకంటే, మొత్తం పట్టిక జతచేసి "సార్, రివ్యూయర్లు మూడు వారాల తర్వాతి లెక్కలు అడుగుతారు, ఇప్పుడే పెట్టేస్తే మంచిది" అని మెయిల్ పంపండి. మీ మాట రాతలో ఉంటుంది, ఆయన మర్యాదా నిలుస్తుంది. ఊరుకుని సంతకం పెడితే పేపరు తొందరగా వస్తుంది, వైవాలో "తర్వాత చూశారా?" అని ఎవరైనా అడిగినప్పుడు జవాబు చెప్పేది మీరే. గట్టిగా కాదంటే పేపరు ఆలస్యం, కొన్నాళ్లు ముభావం. అవసరమైతే డాక్టొరల్ కమిటీలో మీరు నమ్మే ఒకరితో మాట్లాడండి.

జూనియర్‌కి మాత్రం ఇవ్వకండి. ఇందులో అటూ ఇటూ లేదు. మీ ఒంటి మీద మీరు చేసుకుంటే అవివేకం అంటారు, ఇంకొకరికి ఇస్తే అది అనుమతి లేని మానవ ప్రయోగం. ఎథిక్స్ కమిటీ దాకా వెళ్తే జెల్, థీసిస్ రెండూ పోవచ్చు. ఆ అమ్మాయికి బాధ ఉంటే మీతోపాటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ట్యూబుని ల్యాబ్‌కి తిరిగి తీసుకెళ్లి, రిజిస్టర్‌లో రాసి, మిగతా కల్చర్లతో పాటు ఆటోక్లేవ్‌లో (వేడి ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపే పాత్రలో) వేయించండి. బయటికెళ్లిన నమూనాతో ఇక ఏ పరీక్షా చేయొద్దు.

డాక్టరు అపాయింట్‌మెంట్ లక్షణాలు ఉన్నప్పుడే పెట్టుకోండి. దానికి ముందు క్రీము రాసుకుని వెళ్లకండి, మందు పడితే కల్చర్‌లో ఏమీ మొలవకపోవచ్చు. రెండేళ్లలో ఎప్పుడెప్పుడు వచ్చింది, ఏం వాడారు, యాంటీబయాటిక్స్ ఎప్పుడు తీసుకున్నారు అన్నది ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. మైక్రోస్కోపు కింద చూసే ఒట్టి స్మియర్‌తో సరిపెట్టకుండా, జాతి పేరు తేలేలా కల్చర్ కావాలని మీరే అడగండి. రిపోర్టు వచ్చాక ఇష్టమైతే మళ్లీ రాయండి.